దిమ్మ కింది చప్పుడు

కొల్లేటికోట దాటాక, నీళ్ళ మధ్య మిగిలిన ఒక లంక మెట్ట మీద నడుమెత్తు కాంక్రీటు దిమ్మ ఉండేది. చేపల చెరువుల వాళ్ళు దాన్ని సర్వే రాయి అనుకునేవారు. నిజానికి అది నేల కదలికను కొలవడానికి కట్టింది. 2004 డిసెంబరులో సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది కదా, దాని తర్వాత మన తీరం ఎటు జరుగుతోందో, ఎంత కుంగుతోందో చూద్దామని హైదరాబాదు నుంచి శాస్త్రవేత్తలు వచ్చి ఇలాంటివి మూడు కట్టించారు. కొల్లేట్లో ఒకటి, ఏలూరులో ఒకటి, తాడేపల్లిగూడెంలో ఒకటి. దిమ్మ మీద యాంటెనా బిగించి ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుంటే, అది వెంట్రుకవాసి కదిలినా తెలిసిపోతుంది.

కొల్లేట్లో ఎంత తవ్వినా రాయి తగలదు. అంతా ఒండ్రు. అందుకని గట్టినేల దొరికేదాకా ఇనుప గొట్టం దించి, దాని తల చుట్టూ దిమ్మ కట్టారు. ఆ గొట్టం దించింది ఏసోబు. గోతిలోకి దిగి, పానాతో గొట్టం మీద కొట్టి పైవాళ్ళకి చెప్పేవాడు. రెండు దెబ్బలంటే దించమని. ఒకటైతే ఆపమని. ఆ మరుసటి ఏడు వానల్లో దోనె తిరగబడి పోయాడు. శవం దొరకలేదు.

2007 జనవరిలో ఏలూరు, తాడేపల్లిగూడెం దిమ్మల మీద యంత్రాలు బిగించేశాక, కొల్లేట్లో మళ్ళీ కొలతలు తీయడానికి క్యాథరిన్ వచ్చింది. ఏలూరు పిల్లే, ఆ హైదరాబాదు శాస్త్రవేత్తల సంస్థలోనే పరిశోధన చేస్తోంది. వెంట ఏసోబు భార్య లిడియా ఉంది. మొగుడు పోయాక ఆమెకి తాడేపల్లిగూడెం చర్చి ఆవరణలో ఉన్న దిమ్మ కాపలా పని ఇచ్చి, పక్కనే ఒక గది చూపించారు.

"ఈసారి కొల్లేరు నేనూ వస్తానండీ. ఆయన చేసిన పని ఒక్కసారి చూసుకుంటాను," అని లిడియా అడిగితే క్యాథరిన్ కాదనలేకపోయింది.

యాంటెనా బిగించి, లాప్‌టాప్ సర్దేసరికి పొద్దు వాలింది. దోనె నడిపే బుల్లిరాజు ఒడ్డునుంచి, "మంచు దిగుతోందండీ, తొందరగా కానివ్వండి," అన్నాడు. అతని మాట వినిపిస్తోంది గాని మనిషి అప్పటికే మసకగా ఉన్నాడు. కిక్కిస గడ్డి కనుమరుగైంది. గుర్రపుడెక్క కుళ్ళిన వాసన, దాని వెనక అడుగు బురద తవ్వినప్పుడు వచ్చే చల్లని వాసన. అందాకా గోలగోలగా ఉన్న గూడబాతులు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

తెర మీద ఎత్తు చూపే గీత కొంచెం వణికింది. నీళ్ళ మీద పడి తిరిగొచ్చే సంకేతాల వల్ల అది మామూలే. క్యాథరిన్ పట్టించుకోలేదు.

అప్పుడు వినిపించింది.

టంగ్... టంగ్...

దిమ్మ లోపల్నుంచి. చాలా లోతునుంచి.

"వినబడిందాండీ?" లిడియా గొంతు పీలగా ఉంది.

"చలికి ఇనుము ముడుచుకుంటుంది. అంతే."

టంగ్... టంగ్...

ఈసారి గీత కిందికి జారింది. వణుకు కాదు. ఎవరో పట్టుకుని లాగినట్టు జారి, అక్కడే నిలిచింది. క్యాథరిన్ దిమ్మ మీద అరచెయ్యి ఆనించింది. కాంక్రీటు తడిగా ఉంది. మళ్ళీ రెండు దెబ్బలు. చేతికింద దిమ్మ మెత్తగా కదిలింది.

"దించమంటున్నారండీ," అంది లిడియా.

"లిడియా గారూ, ఇటు రండి."

ఆమె రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు దిమ్మకి ఆనించి, వంటింట్లోంచి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"ఏవండీ..."

చప్పుడు ఆగిపోయింది. నీళ్ళు కూడా కదలడం లేదు.

తర్వాత... గోకుతున్న శబ్దం. ఇప్పుడు అంత లోతునుంచి కాదు. గొట్టం పట్టుకుని ఎవరో ఎగబాకుతున్నట్టు, దగ్గరవుతూ... ఇంకా దగ్గరవుతూ... దిమ్మ మొదట్లో మట్టి ఉబ్బింది.

క్యాథరిన్ పనిముట్ల పెట్టెలో చెయ్యి పెట్టింది. పానా దొరికింది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా గొట్టం తల మీద ఒక్క దెబ్బ కొట్టింది.

ఒక్కటే. లిడియా దోవలో చెప్పిన ఏసోబు సైగ. ఆపమని.

ఆగింది.

కింద ఉన్న మనిషితో తను మాట్లాడానని అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు. లిడియా తలెత్తి చూసింది. ఆ కళ్ళలో భయం లేదు, నిష్ఠూరం ఉంది.

"ఎందుకు ఆపారండీ? వచ్చేస్తున్నారు కదా."

క్యాథరిన్ ఆమె రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ దోనెలో పడింది. యంత్రాన్ని, దాని సెల్ మోడెమ్‌తో సహా, నడుస్తుండగానే అక్కడ వదిలేశారు. గెడ వేస్తున్నంతసేపూ బుల్లిరాజు వెనక్కి చూడలేదు. ఒడ్డున ఉంచిన జీపు క్యాథరిన్‌ని ఏలూరులో దింపి, లిడియాని తాడేపల్లిగూడెం తీసుకెళ్ళింది.

తెల్లారాక, ఏలూరులో అన్నగారింట్లో కంప్యూటరు ముందు కూర్చుని, మూడు దిమ్మల లెక్కలూ ఫోను లైను మీద తెప్పించుకుంది క్యాథరిన్. కొల్లేటి గీత, తను దెబ్బ కొట్టిన దగ్గర్నుంచి తిన్నగా ఉంది. హమ్మయ్య అనుకుంది. ఏలూరు గీత తెరిచింది. సరిగ్గా తమ జీపు ఊళ్ళోకి వచ్చిన వేళకి అది జారింది. రెండుసార్లు. ఆ తర్వాత తిన్నగా సాగింది.

ఇక తాడేపల్లిగూడెం గీత తెరిచింది.

అక్కడ జారలేదు. లిడియా ఇల్లు చేరిన వేళనుంచి ఆ గీత పైకి లేస్తోంది. కొంచెం కొంచెంగా, తొందర లేకుండా. క్యాథరిన్ చూస్తుండగానే ఇంకాస్త లేచింది. కిందనుంచి ఏదో నెడుతోంది.

లిడియా సెల్‌కి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"లిడియా గారూ, ఆ గదిలోంచి బయటికి రండి. ఇప్పుడే."

"ఇప్పుడు కుదరదండీ, నేల తుడుచుకుంటున్నాను," అంది లిడియా. ఎన్నాళ్ళకో ఆమె గొంతు తేటగా ఉంది. "మంచం పక్కన ఒక్కచోటే బురద ఊరుతోంది మేడమ్‌గారూ. ఎంత తుడిచినా వస్తోంది. వెచ్చగా ఉందండీ."