ఏడు జానల గువ్వ

బ్రష్‌లు పెట్టుకునే గ్లాసులోకి ఆ పొద్దున ఐదో బ్రష్ వచ్చి చేరింది. ఆకుపచ్చది, నిన్ననే కొన్నది. పీట ఎక్కి నిలబడి, గుండు ఒక్కొక్క బ్రష్‌నీ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు.

"అమ్మది ఒకటి, నాన్నది రెండు, నాది మూడు, ఆయమ్మది నాలుగు... ఐదు ఎవరిది?"

"గువ్వదండీ," అంది ఆయమ్మ వాడి మూతి తుడుస్తూ. "ఇంక నలభై రోజులు. మీ పక్కనే నిలబడి తోముకుంటుంది. మీరు నురగ మింగితే చూసి నవ్వుతుంది, జాగ్రత్త."

గుండుకి నాలుగేళ్లు. అయినా ఆయమ్మ వాణ్ణి 'మీరు' అనే పిలుస్తుంది. వాడి తల్లి "బాబుగారూ, మీరు నోరు తెరవాలండీ" అని బతిమాలుతూ అన్నం పెడుతుంటే విని, పసిపిల్లలతో అలాగే మాట్లాడాలి కాబోలు అనుకుంది. ఆమె తెలుగంతా ఆ ఇంట్లో విని నేర్చుకున్నదే. మొదట్లో గుండు నాన్నని "ఏవండీ" అని పిలిచేది. ఇల్లాలు అలా పిలవడం విని, ఆయన పేరే అది అనుకుంది. ఆ పిలుపు విన్న రోజు గుండు తల్లి నవ్వి నవ్వి సోఫా మీద కూలబడింది. తర్వాత ఆ పిలుపుని 'అన్నయ్య'గా దిద్దారు; గుండు తల్లి 'అక్క' అయింది.

గుండు పుట్టింది ఆయమ్మ దేశంలో. అక్కడ గుండు నాన్న వంతెనల డ్రాయింగులు గీసేవాడు. పదిరోజుల పసిగుడ్డుగా ఉన్నప్పుడు వాణ్ణి ఆమె చేతుల్లో పెట్టారు. ఏడాది తిరిగేసరికి గుండు తల్లికి ఈ దేశంలో, పెద్ద ఆసుపత్రిలో, పిల్లల చెవులు పరీక్షించే ఉద్యోగం వచ్చింది. "ఆయమ్మ లేకుండా నేను కదలను," అని ఆమె భీష్మించుకుంది. కాగితాలన్నీ తనే నింపి, ఆయమ్మని వెంట తీసుకొచ్చింది. ఆయమ్మ కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. వాళ్ల భాషలో దాని ముద్దుపేరుకి చిన్న పిట్ట అని అర్థమట. ఈ ఇంట్లో అది గువ్వ అయింది.

వంటింటి తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలుండేవి. కింద గుండువి. వాటికి చాలా పైన గువ్వవి. ప్రతినెలా మొదటి ఆదివారం అక్కడ గువ్వని పెంచుతున్న అమ్మమ్మ దాన్ని గోడకి నిలబెట్టి జానలతో కొలిచి ఫోన్లో చెప్పేది. ఇక్కడ ఆయమ్మ తన జానతో నేల నుంచి కొలుచుకుంటూ వెళ్లి గీత గీసేది. గీసి కాసేపు ఆ గీతకి ఎదురుగా నిలబడేది. ఒకసారి దాని ముందు గాలిలో చెయ్యి కదిలిస్తుంటే గుండు తల్లి చూసింది. జడ అల్లుతోంది.

పోయిన నెల గీత ఏడు జానల దగ్గర ఉంది.

ఆ పొద్దునే, గుండు నాన్న ఫోన్ చూసుకుంటూ కాఫీ కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఇదేమిటి? గువ్వ వీసా ఇవ్వలేదు."

"ఎందుకని?" అంది ఆయమ్మ.

ఆయన గట్టిగా చదివాడు. "'దరఖాస్తుదారు ఈ ఉద్యోగిని కూతురినని చెబుతున్నారు. మా రికార్డుల ప్రకారం ఈ ఉద్యోగినికి పిల్లలు లేరు.' పిల్లలు లేరా? వీళ్ల మొహం! ఎవర్నో చూసి ఎవరో అనుకున్నట్టున్నారు."

గుండు తల్లి చేతిలో చెంచా గిన్నె అంచుకి తగిలి టింగుమంది.

ఆయమ్మ మాత్రం బెంబేలు పడలేదు. "ఆఫీసులో తప్పులు వస్తాయి అన్నయ్యా. నువ్వు కంగారు పడకు. అక్క ఒక్క ఫోన్ చేస్తే సరి. అక్క కాగితాలు నింపితే రాయి కూడా విమానం ఎక్కుతుంది."

"అవును... పొరపాటే అయ్యుంటుంది. నేను చూస్తాలే," అంది గుండు తల్లి. భర్త కళ్లలోకి చూడకుండా సంచీ తగిలించుకుని బయటపడింది.

ఆ రోజు ఆసుపత్రిలో, శబ్దం చొరబడని గాజు గదిలో, ఆరేళ్ల పాప చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి ఆమె బటన్ నొక్కుతూ కూర్చుంది. వినపడగానే పాప చెయ్యెత్తాలి. పాప చెయ్యెత్తుతూనే ఉంది. ఆమె రాసుకోవడం మరిచిపోయింది.

మూడేళ్ల కిందటి బల్ల గుర్తొచ్చింది. కాగితాలు చూసిపెట్టే ఏజెంటు ఫారం ఆమె వైపు తోసి అన్నాడు. "ఈవిడకి పిల్లలుంటే వాళ్ల సంగతి అడుగుతారు మేడమ్. ఎవరి దగ్గర ఉంటారు, తండ్రి ఒప్పుకున్నాడా అంటూ ఎనిమిది నెలలు లాగుతారు. లేరనుకోండి, మూడు వారాలు." ఉద్యోగంలో చేరడానికి ఆమెకి ఉన్నది సరిగ్గా నెల. గుండు జ్వరంతో ఆయమ్మ కొంగు పట్టుకుని వేలాడుతున్నాడు. 'పిల్లల సంఖ్య' అన్న గడిలో ఆమె సున్నా చుట్టింది.

"ఇక్కడ ఏం రాశావు అక్కా?" అని అడిగింది ఆయమ్మ, ఆ భాష చదవడం రాక.

"ఏం లేదులే, సంతకం పెట్టు."

వెళ్లాక దిద్దిద్దాం అనుకుంది. మొదటి ఏడాది గుండుకి ఆపరేషన్. రెండో ఏడాది తన పరీక్షలు. ప్రతిసారీ "వచ్చే ఏడాది నువ్వు ఊరెళ్దువుగానిలే," అంది. ప్రతిసారీ ఆయమ్మ "సరే అక్కా," అంది.

సాయంత్రం ఇంటికొచ్చి, "అడిగాను, వాళ్లదే పొరపాటు, చూస్తామన్నారు," అని ఒక అబద్ధం ఆడింది. ఆ అబద్ధానికి ఆయమ్మ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది.

ఆ అబద్ధం రెండు రోజులు నిలిచింది. శనివారం పొద్దున గుండు నాన్న అలమర కింద అరలోంచి పాత ఫైలు తీసి వంటింటి బల్ల మీద పరిచాడు. "మనం అప్పుడు ఇచ్చిన ఫారం నకలు పంపితే వాళ్ల నోరు మూతపడుతుంది," అన్నాడు ఉత్సాహంగా. గుండు తల్లి స్నానం ముగించి వచ్చేసరికి కాగితాలు అప్పటికే బయట ఉన్నాయి. గుండు కుర్చీ మీద మోకాళ్లేసుకుని, కొత్తగా నేర్చిన అంకెల కోసం వాటిల్లో వెతుకుతున్నాడు.

"ఇది మూడు! ఇది ఏడు! ఆయమ్మా, ఇదిగో, సున్నా!"

"శభాష్ అండీ!" అంటూ ఆయమ్మ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు కొడుతూనే వంగి చూసింది. గుండుతో పాటు పిల్లల గ్రంథాలయంలో కూర్చుని ఆమె కూడా ఈ భాష అక్షరాలు నేర్చుకుంది. సున్నా పక్కనున్న మాటని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. కింద తన సంతకం. పైన రాతంతా అక్కది.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమోయ్," అన్నాడు గుండు నాన్న నెమ్మదిగా. "ఇది నీ రాతేగా?"

"ఏజెంటు చెప్పాడండీ... ఎనిమిది నెలలు పడుతుందన్నాడు. గుండుకి అప్పుడు జ్వరం. తర్వాత మార్చేద్దామనే..."

"మూడేళ్లయింది!"

"నాకు తెలీదా మూడేళ్లయిందని?"

ఆయమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి పాలు దింపింది. వేడి చూసి, చల్లార్చి, గుండు చేతికిచ్చింది. "మీరు హాల్లోకి వెళ్లి తాగండి. ఒలకపొయ్యకండి." వాడు వెళ్లేదాకా ఆగి ఇటు తిరిగింది.

"ఆ రోజు నేను అడిగాను అక్కా. ఏం రాశావని. నువ్వు అందరి చెవులూ చూస్తావు. నేను అడిగింది నీకు వినపడలేదా?"

"వినపడింది."

"నీ కొడుక్కి ఆపరేషన్ అయినప్పుడు వాడు నా చేతి మీద పడుకున్నాడు. నాలుగు రాత్రులు. అప్పుడు అక్కడ గువ్వకి కూడా జ్వరం. నేను నీకు చెప్పలేదు. నువ్వు ఏడుస్తున్నావని చెప్పలేదు. అప్పుడు కాగితం మీద నాకు కూతురే లేదు!"

గుండు తల్లి ఆమె చేతులు పట్టుకుంది. "నేను సరిచేస్తాను. ఒట్టు. ఇంకో దారి ఉంది. నీ మేనకోడలని రాద్దాం. చూడ్డానికి వస్తోందని. అలాగైతే పాత కాగితాలు కదపక్కర్లేదు, నీ పని పర్మిట్‌కి ఇబ్బంది ఉండదు, నలభై రోజుల్లో..."

ఆయమ్మ చేతులు విడిపించుకుంది.

"మేనకోడలా?" అంది. ఆ మాట కూడా ఈ ఇంట్లో నేర్చుకున్నదే. "విమానం దిగి అందరి ముందు అది నన్ను ఏమని పిలవాలి అక్కా?"

గుండు నాన్న తల వంచుకున్నాడు. గుండు తల్లికి తను అన్న మాట ఏమిటో అప్పుడు తెలిసింది. సున్నా చుట్టిన రోజు కంగారులో ఉన్నాను, తెలియక చేశానని ఇన్నాళ్లూ తనకి తాను చెప్పుకుంది. ఇప్పుడు ఏ కంగారూ లేదు. అయినా అదే చెయ్యి అదే పని చేయబోయింది.

"నిజం చెబితే నిన్ను పంపించేస్తారు," అంది గుండు తల్లి. "గుండు... నువ్వు లేకుండా గుండు ఎలా..."

"తెలుసు," అంది ఆయమ్మ. ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. "నాకు తెలీదా? వాడికి ఎడమ చెవి వెనక రుద్దితేనే నిద్ర వస్తుంది. ఎవరు రుద్దుతారు? కానీ నాకు కాగితం మీద నా కూతురు కావాలి అక్కా."

సోమవారం ఆయమ్మా గుండు తల్లీ కలిసి వీసా ఆఫీసుకి వెళ్లారు. టోకెన్ తీసుకుని, నీలం కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. పిలుపు రాగానే గుండు తల్లి కౌంటర్ ముందు నిలబడి, "తప్పు రాసింది నేను. ఆవిడకి అప్పుడు ఈ భాష చదవడం రాదు. చెప్పకుండా సంతకం పెట్టించాను," అంది. గాజు అవతలి గుమస్తా కళ్లద్దాలు తీసి ఆమెని చూశాడు. "మీరే చెబుతున్నారా?" అని రెండుసార్లు అడిగాడు. రికార్డు దిద్దుతామన్నాడు. ఆవిడ మీద మచ్చ ఉండదన్నాడు. కానీ ఆ ఫారం మీద ఇచ్చిన పర్మిట్ చెల్లదు. పద్నాలుగు రోజుల్లో వెళ్లిపోవాలి. ఇకమీదట ఈ కుటుంబం ఎవరినీ బయటి నుంచి పనికి పిలిపించుకోవడానికి వీల్లేదు.

దిద్దుబాటు కాగితం మీద 'పిల్లల సంఖ్య' అన్న చోట గుండు తల్లి పెన్ను ఆపి, ఆయమ్మ చేతిలో పెట్టింది. ఆయమ్మ నిటారుగా ఒకటి వేసింది. పక్కన కూతురి పేరు ఒక్కో అక్షరం దిద్దింది. గుమస్తా తొందరపెట్టలేదు.

ఆ పద్నాలుగు రోజులూ గుండు తల్లి సెలవు పెట్టి ఆయమ్మ వెనకాలే తిరిగింది. చెవి వెనక ఎక్కడ రుద్దాలో, ఎంత మెల్లగా రుద్దాలో నేర్చుకుంది. మూడోనాడు వాడు తల్లి చేతి కింద నిద్రపోతే ఇద్దరు ఆడవాళ్లూ గడప దగ్గర నిలబడి, నోరు మూసుకుని నవ్వుకున్నారు. నవ్వు సగంలో ఉండగానే ఆయమ్మ లోపలికి వెళ్లిపోయింది.

బయల్దేరే పొద్దున ఆకుపచ్చ బ్రష్‌ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకుంది. గుండుని ఎత్తుకుంది. "మీరు రోజూ పాలు తాగాలి. అమ్మని ఏడిపించకూడదు," అంది. వాడు అది షికారే అనుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"నేనూ వస్తా."

"ఈసారి కాదండీ."

గుండు నాన్న పెట్టె అందుకుని ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయమ్మ ఆయన భుజం తట్టింది. "ఏడవకండి, ఏవండీ," అంది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వులోనే గుండు తల్లి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి వెక్కివెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించానని చెప్పు."

"ఇప్పుడే చెప్పలేను అక్కా," అంది ఆయమ్మ ఆమె వీపు నిమురుతూ. "ముందు ఇంటికి వెళ్లి దాన్ని చూడనీ."

నాలుగు రోజుల తర్వాత ఫోన్లో ఫొటో వచ్చింది. మట్టిరంగు గోడ ముందు ఒక సన్నటి పిల్ల. పక్కన ఆయమ్మ. కింద రికార్డు చేసి పంపిన ఆమె గొంతు: "నేను తప్పు గీశాను అక్కా. మా అమ్మ చెయ్యి పెద్దది. నా చెయ్యి చిన్నది. అమ్మ ఏడు జానలు వేరు, నా ఏడు జానలు వేరు. నాలుగు వేళ్లు పైన ఉంది పిల్ల. నేను వాకిట్లో నిలబడి దాని తలమీద ఎక్కడ ముద్దు పెట్టాలో అనుకున్నాను కదా, అక్కడ దాని నుదురు ఉంది."

గుండు తల్లి ఆ గొంతుని ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

ఆ ఆదివారం ఆమె గుండుని తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టింది. జానతో కొలవలేదు. కుట్టు డబ్బాలోంచి దారం తీసి, మడమ నుంచి నడినెత్తి దాకా సాగదీసి, కత్తిరించి, కవర్లో పెట్టి పంపింది. ఉత్తరం రాయడానికి కూర్చుంది గానీ ఒక్క వాక్యమూ తోచలేదు. ఉత్త దారమే వెళ్లింది.

నెల తర్వాత అక్కడి నుంచి కవరు వచ్చింది. అందులోనూ దారమే, ఎర్రది, పొడుగుది. గుండు తల్లి ఒక కొనని కాలి వేలితో నేలకి అదిమి, దాన్ని చట్రం వెంట పైకి పట్టుకుంది. రెండో కొన ఏడు జానల గీతని దాటి నాలుగు వేళ్లు పైకి వెళ్లింది. అక్కడ కొత్త గీత గీసింది.

"ఇది ఎవరు?" అన్నాడు గుండు.

"గువ్వ. ఆయమ్మ కూతురు," అంది. ఆ రెండు మాటలూ కలిపి తను ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది.

"మరి నేను?"

ఆమె జవాబు వెతుక్కుంటుండగా వాడు దారం మీద వేలు పాకిస్తూ సగం దాటాక ఆగాడు.

"అమ్మా, ఇక్కడ ముడి ఉంది."

ఆమె చూసింది. గట్టిగా, చిన్నగా, తీరుబడిగా వేసిన ముడి. గుండుని దగ్గరికి లాక్కుని నిలబెట్టింది. ముడి సరిగ్గా వాడి నడినెత్తి మీదికి వచ్చింది. తను పంపిన దారాన్ని కూతురి దారం పక్కన పరిచి, రెండూ ఒకచోట మొదలయ్యేలా సర్ది, అక్కడ ముడి వేసిందన్నమాట ఆయమ్మ.

"ఈ ముడి ఎవరిది?"

"నీదేరా," అంది గుండు తల్లి. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చేత్తో దారం, ఇంకో చేత్తో వాడి ఎడమ చెవి వెనక మెల్లగా రుద్దుతోంది.