బంధం తెంచే బండ

నవంబరు నెలాఖరులో మేపుల్ ఆకులు ఎర్రబడేసరికి క్యోటోకి దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు వచ్చిపడతాయి. గుంపులో తోసుకుంటూ తిరగడం ఇష్టంలేనివాళ్ళు తమ కుటుంబం వరకే ఒక కారూ ఒక గైడూ మాట్లాడుకుని, పొద్దున్నే బయల్దేరి నాలుగు గుళ్ళూ తోటలూ చూసి సాయంత్రానికి బసకి చేరుకుంటారు. సుజునో అలాంటి గైడు. నలభై దాటిన మనిషి. ఏ గుడి ఏ వేళకి చూడాలో, ఏ తోటలో ఎక్కడ కూర్చోబెడితే పిల్లలు అల్లరి మానతారో ఆమెకి తెలుసు. తెలియనిదల్లా, ఆ కుటుంబాన్ని బస దగ్గర దింపేశాక తను ఒక్కతే ఇంటికెళ్ళి దీపం వేసుకోవడం ఎలాగన్నదే.

పిల్లలు పుట్టలేదని భర్త ఆమెని వదిలేశాడు. ఏడాది తిరక్కుండానే ఇంకొకావిడతో కొడుకుని కన్నాడు. ఒకసారి బజారులో ఆ పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఎదురుపడ్డాడు. మర్యాదగా తలవంచాడు. సుజునో కూడా తలవంచింది. అంతే జరిగింది. కానీ ఆ రోజు నుంచీ ఎవరి పిల్లల్ని ముద్దుగా పలకరించినా ఆమె నోట్లో చేదు ఊరేది. పైకి మాత్రం నవ్వు చెదిరేది కాదు. నవ్వడం ఆమె ఉద్యోగం.

ఆ వేళ వచ్చినవాళ్ళు సెందాయ్ నుంచి వచ్చిన ఒడగిరి కుటుంబం. భర్త కనమె, భార్య ఫుయుకో, ఆరేళ్ళ కూతురు నావో. కారు నడిపేది కురోయివా అనే పెద్దాయన. సుజునోతో చాలాకాలంగా పనిచేస్తున్నాడు.

ఫుయుకో చెడ్డ మనిషయినా బావుండేది. సుజునో ఎంతోమంది గయ్యాళి తల్లుల్ని చూసింది. అలాంటివాళ్ళ మొగుళ్ళనీ పిల్లల్నీ చూసి లోలోపల జాలిపడితే చాలు, కడుపులో మంట కాస్త చల్లారేది. ఫుయుకో ఆ వీలు కూడా ఇవ్వలేదు. మొదటి గుళ్ళో సుజునో దగ్గితే తన సంచిలోంచి దగ్గు బిళ్ళ తీసిచ్చింది. మధ్యాహ్నం భోజనానికి సుజునో అలవాటు ప్రకారం డ్రైవరు పక్కకి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మాతో కూర్చోండి సుజునో గారూ. రోజంతా ఈయన మొహమే చూస్తూ తింటే నాకు ముద్ద దిగదు."

వేడి నీళ్ళలో తేలుతున్న టోఫు అనే సోయా జున్ను ముక్కల్ని కనమె ముందు కూతురి గిన్నెలో, తర్వాత భార్య గిన్నెలో వేశాడు. ఆఖరికి కమలాపండు ఒలిచి, తొనల మీది పీచంతా ఓపిగ్గా తీసి ఒక్కొక్కటే భార్య చేతిలో పెట్టాడు. ఫుయుకో అతనివైపు చూడను కూడా చూడలేదు. మాట్లాడుతూనే తొన నోట్లో వేసుకుంది. ఆ చూడకపోవడమే సుజునోకి ముల్లులా దిగింది. గాలి పీల్చినట్టు ప్రేమని తీసేసుకుంటోంది ఈ మనిషి. ఎంత దొరికితే ఇంత అలవాటవుతుంది!

"ఈయన గురకకి మా పక్కింటివాళ్ళ కుక్క కూడా ఇల్లు మారిపోయింది," అంది ఫుయుకో. "మీరొక్కరే ఉంటారా? ఎంత హాయండీ. ఒక్క రోజు మీతో మారిపోతే ఎంత బావుండు."

కనమె నవ్వాడు. నావో నవ్వింది. సుజునో కూడా నవ్వింది. బల్ల కింద ఆమె గోళ్ళు అరచేతిలోకి దిగాయి.

ఆ తర్వాత చూడాల్సింది నది ఒడ్డునున్న తేనీటి తోట. కానీ కారెక్కగానే సుజునో, కొండ మీద పెద్దగా ఎవరూ ఎరగని ఒక పాత గుడి ఉందనీ, అక్కడి బండలో సొరంగం ఉంటుందనీ చెప్పింది. ఆ మాట ఎందుకు నోటికొచ్చిందో ఆమెకే తెలియదు. సొరంగం అనగానే నావో గంతులేసింది. కురోయివా మాత్రం అద్దంలోంచి సుజునో వైపు చూశాడు.

"ఈ వేళప్పుడు అక్కడికెందుకు తల్లీ? కొండల్లో చీకటి తొందరగా పడుతుంది," అన్నాడు.

తొందరగానే వచ్చేస్తామంది సుజునో.

గుడి చిన్నది. పూజారి కిందికి వెళ్ళిపోయినట్టున్నాడు, తలుపు మూసి ఉంది. సన్నని తుంపర. దేవదారు చెట్ల మధ్య మంచు అడుగునుంచి పైకి పాకుతోంది. గుడి వెనక వాలు మీద ఏనుగంత బండ. దానికి కింద ఒక నోరు, పైన ఒక నోరు. మనిషి పాకుతూ వెళ్ళేంత దారి. పై నోటికి అడ్డంగా నల్లటి తాడు వేలాడుతోంది. అది ఆడవాళ్ళ జుట్టుతో పేనిన తాడు. మొగుళ్ళు చెయ్యిజారిపోయిన ఆడవాళ్ళు ఒకప్పుడు తమ జుట్టు కోసి ఆ బండకి మొక్కుకునేవారట.

అక్కడికి వచ్చినవాళ్ళకి సుజునో ఎప్పుడూ ఒకటే కథ చెప్పేది. కింద నోట్లోంచి దూరి పైకి వస్తే బంధం ముడిపడుతుంది. పైనుంచి దూరి కిందికి దిగితే బంధం తెగుతుంది. లోపల ఏదైనా గొంతు వినిపిస్తే జవాబు చెప్పకూడదు. ఇలా చెప్పి, నవ్వించి, అందర్నీ కిందనుంచే పంపేది. తను ఏనాడూ నమ్మలేదు.

ఆ వేళ కథ మార్చి చెప్పింది.

"తండ్రీ బిడ్డా కిందనుంచి ఎక్కాలి. తల్లి మాత్రం పైనుంచి దిగాలి. అదీ ఇక్కడి ఆచారం."

చిన్న అబద్ధం. ఓర్వలేని మనిషి పక్కవాళ్ళ గోడ మీద బొగ్గుతో గీత గీసినట్టు. దానివల్ల ఏమీ కాదని ఆమెకి తెలుసు. ఫుయుకో సరేనని గొడుగు పట్టుకుని పై నోటి దగ్గరకి ఎక్కి నిలబడింది. కనమె ముందు దూరాడు. నావో భయపడి సుజునో చెయ్యి పట్టుకుంది. "నువ్వు నా వెనకాలే రా" అంది. సుజునో వెనకాలే దూరింది.

లోపల రాయి చెమటపట్టినట్టు తడిగా ఉంది. నాచు వాసన, పాత అగరు వాసన. వాటి వెనక ఇంకొకటి... కామెల్లియా నూనె. పూర్వం ఆడవాళ్ళు తలకి రాసుకునే నూనె. ఇప్పుడే తల దువ్వుకున్న మనిషి పక్కన పడుకున్నంత దగ్గరగా. ముందు నావో బూట్లు రాతికి గీసుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు దూరమయింది. ఇంకా దూరమయింది. ఇంత పొడుగు దారి కాదే ఇది...

సుజునో మడమ మీద ఏదో తగిలింది. చల్లగా. మెత్తగా.

"ఎవర్ని?"

చెవి పక్కనే. ఆడగొంతు. పెద్దగా కాదు. పిల్లల్ని నిద్రపుచ్చి వచ్చి మొగుడితో గుసగుసలాడే ఇల్లాలిలా.

సుజునో పళ్ళు బిగించింది. జవాబు చెప్పకూడదు. చెప్పకూడదని వందలమందికి తనే చెప్పింది. కానీ కళ్ళ ముందు కమలా తొన కదిలింది. ఆ చూడని చూపు కదిలింది.

"పైన నిలబడినదాన్ని," అంది నెమ్మదిగా.

మడమ మీది బరువు తొలగిపోయింది.

పైకి వచ్చేసరికి అంతా మామూలుగానే ఉంది. నావో మోకాళ్ళ మట్టి దులుపుతూ ఫుయుకో నవ్వుతోంది. ఇక తన వంతు అంటూ గొడుగు సుజునో చేతికిచ్చి, జుట్టు తాడు పక్కకి తప్పించి, కాళ్ళు ముందు పెట్టి జారింది. తల లోపలికి వెళ్ళేముందు సుజునోని చూసి కన్నుగీటింది.

ముగ్గురూ చుట్టుతిరిగి కింద నోటి దగ్గరకి వచ్చారు. సుజునో వంగి లోపలికి చూసింది. చీకటి. పాకుతున్న చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది.

"వెళ్దామా? పిల్ల తడుస్తోంది," అన్నాడు కనమె.

"ఆవిడ ఇంకా రాలేదండీ."

"ఎవరు?"

సుజునో వెనక్కి తిరిగింది. కనమె మొహంలో హాస్యం లేదు. మామూలుగా అడిగాడు. తర్వాత తన మఫ్లరు తీసి ఆమె మెడకి చుట్టాడు. అతని వేళ్ళు ఆమె చెవికి తగిలాయి. "జ్వరం తెచ్చుకునేలా ఉన్నావు సుజునో, పద," అన్నాడు.

నావో ఆమె చేతిలో చెయ్యి పెట్టింది. "అమ్మా, చలేస్తోంది."

సుజునో అప్పుడు ఒక్క మాట అనాల్సింది. నేను మీ అమ్మని కాదు అంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఆ చిన్న చెయ్యి వెచ్చగా, నమ్మకంగా, ఆమె పిడికిలిలో పిచ్చుకలా ఒదిగింది. సుజునో మింగేసింది. పిల్లని దగ్గరకి లాక్కుని కారువైపు నడిచింది.

కురోయివా వెనక తలుపు తీసిపట్టుకున్నాడు. "రండమ్మా," అన్నాడు, పరాయి మనిషితో అన్నట్టు. "గైడమ్మాయి ఏదీ?"

మెట్ల మీదనుంచి అడుగుల చప్పుడు. ఫుయుకో దిగి వస్తోంది. ఆమె ఛాతీ మీద సుజునో పెట్టుకునే గైడు బిళ్ళ ఉంది. చేతిలో దారి చూపడానికి సుజునో పట్టుకునే చిన్న జెండా ఉంది. మోకాళ్ళకి మట్టి. వంగి నమస్కరించి, ఆలస్యమైనందుకు క్షమించమని అడిగి, ముందు సీట్లో కూర్చుంది.

దారంతా కనమె నావోకి ఏదో కథ చెబుతున్నాడు. పిల్ల తల సుజునో ఒళ్ళో ఉంది. ఇన్నేళ్ళూ ఏ సీటు కోసం కుళ్ళుకుందో ఆ సీట్లో కూర్చుంది సుజునో. వెచ్చగా ఉంది. సంతోషంగా ఉండాలి. కానీ తలెత్తినప్పుడల్లా ముందు అద్దంలో ఫుయుకో కళ్ళు కనిపిస్తున్నాయి. పెదాలు నవ్వుతున్నాయి. కళ్ళు మాత్రం పిల్ల తల మీద ఉన్న సుజునో చేతిని చూస్తున్నాయి. ఆ చూపు సుజునోకి కొత్తది కాదు. ఇన్నేళ్ళుగా తన మొహం మీద మోసిన చూపే.

ఫుయుకోకి అంతా తెలుసు. తెలిసీ నోరు పెగలడం లేదు.

కారంతా కామెల్లియా నూనె వాసన.

బస దగ్గర ఫుయుకో అందరికీ గొడుగు పట్టి దింపింది. సుజునో ఆమె కళ్ళలోకి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి భోజనం గదిలోకే వచ్చింది. సుజునో చేపముల్లు తీసి నావోకి పెట్టింది. కనమె కమలాపండు ఒలిచాడు. పీచు తీశాడు. చెయ్యి చాపాడు. సుజునో అరచెయ్యి పట్టింది. తొన ఆమె చేతిలో పడలేదు. ఆమెకి కాస్త ఇవతల, ఎవరూ లేని చాప మీద పెట్టాడు. మాట్లాడుతూనే, చూడకుండానే.

ఏదో పరధ్యానం అనుకుంది సుజునో. గిన్నెలు తీసినామె పక్కలు వేసి వెళ్ళింది. ఈలోగా సుజునో స్నానానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గదిలో నాలుగు పరుపులు పరిచి ఉన్నాయి. ఒక చివర నావో. మధ్యలో ఒక ఖాళీ పరుపు. దాని పక్కన కనమె. నాలుగోది దూరంగా, తలుపు దగ్గర.

సుజునో వరండాలోకి వెళ్ళి పనామెని పట్టుకుంది. మేం ముగ్గురమే కదా అంది. పనామె ఇబ్బందిగా చూసింది.

"లోపలున్న అమ్మగారే వెయ్యమన్నారండీ," అంది గొంతు తగ్గించి. "మీకు కూడా ఒకటి తలుపు దగ్గర వెయ్యమన్నారు. వాన కదా, గైడు ఎలా వెళ్తుందని."

సుజునో గదిలోకి వచ్చింది. కనమె ఖాళీ పరుపు మీద దుప్పటి సర్దుతున్నాడు. మెల్లగా, భుజాల దాకా కప్పుతున్నట్టు. దుప్పటి కింద ఎవరూ లేరు. దుప్పటి మాత్రం చదునుగా లేదు.

"కనమె గారూ..."

అతను తలెత్తాడు. కొత్తవాళ్ళని చూసినప్పటి మర్యాద మొహంలోకి వచ్చింది.

"సుజునో గారా. ఏమైనా కావాలా?" అని, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "మా ఆవిడ ఇప్పుడే పడుకుంది."

నావో అటు తిరిగి నిద్రపోతోంది. చెయ్యి ఖాళీ పరుపు మీదికి చాచి ఉంది. వేళ్ళు దేన్నో చుట్టి పట్టుకుని ఉన్నాయి.

సుజునో ఎలా బయటపడిందో ఆమెకి గుర్తులేదు. చెప్పులు వేసుకుందో లేదో కూడా తెలియదు. వీధిలో తుంపర పడుతూనే ఉంది. ఎదురుగా మూసిన కొట్టు చూరు కింద ఒక మనిషి నిలబడి ఉంది. ఫుయుకో. ఛాతీ మీద బిళ్ళ లేదు. చేతిలో జెండా లేదు. తడిసి ముద్దయి, పైకి చూస్తోంది.

సుజునో వెళ్ళి పక్కన నిలబడింది. కొడుతుందనుకుంది. కొట్టినా బావుండేది. ఫుయుకో ఆమెవైపు తిరగలేదు.

"నువ్వు కూడా కాదన్నమాట," అంది. గొంతు ఇప్పుడే తిరిగొచ్చినట్టు బొంగురుగా ఉంది. "మరి అదెవరు?"

సుజునో కూడా తలెత్తింది.

మేడ మీద గదిలో దీపం వెలుగుతోంది. కాయితపు తలుపు మీద నీడలు. ఒక పక్క కనమె, గోడకి ఆనుకుని. మధ్యలో ఒక ఆడమనిషి. ఆమె ముందు చిన్న నీడ, లేచి కూర్చుని, బుద్ధిగా తల వంచి. ఆడమనిషి చెయ్యి లేచింది. చేతిలో దువ్వెన. చిన్న తల మీద ఆనించి, నెమ్మదిగా కిందికి దువ్వుతోంది.

ఫుయుకో సుజునో మోచెయ్యి పట్టుకుంది.

"సుజునో గారూ... నా బిడ్డకి జుట్టు చెవుల దాకానే ఉంటుంది."

దువ్వెన చెవి దాటింది. భుజం దాటింది. నడుము దాటింది. నేలని తాకింది... అప్పుడు ఆ ఆడమనిషి నీడ ముందుకి వంగింది. దువ్వెన ఇంకా సాగుతూనే ఉంది.