నిలువు మడత

కుక్కర్ మూడో కూత వేస్తుండగా నలభై ఒకటో ఉత్తరం ఇంట్లోకి వచ్చింది.

"బిడ్డా, ఇగో! సిద్దిపేట నుంచి!" గౌరయ్య చెప్పులు విడవకముందే గుమ్మంలోంచి కేక వేశాడు.

వినోద తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. కవరు చించి, పొడుగ్గా మడిచిన కాగితం విప్పి పైకి చదివింది. "మీ గొంతు వింటే ధైర్యం వస్తది చెల్లె. మీరు ఆగొద్దు. రెండో క్యాసెట్ జల్దీ తేవాలె."

"నా ముచ్చట ఉన్నదా అండ్ల?" పళ్లు తోముతూ అడిగాడు అన్న ఎల్లేష్.

వినోద కాగితం వెనక్కి తిప్పి చూసింది. "లేదన్నా."

"నలభై ఒక్క ఉత్తరం! నా పేరు మూడంటే మూడుసార్లు. అండ్ల ఒకదాంట్ల మల్లేష్ అని రాసిండు. ఏం జనమే వీళ్లు, చెవులున్నయా?"

"నువ్వు నోట్లె నురగతోని పాడితే గట్లనే ఉంటది," అంది తల్లి కమలాబాయి వంటింట్లోంచి. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా గౌరయ్య నవ్వాడు.

అది 2006. అన్నాచెల్లెళ్లు కలిసి చేసిన 'డబుల్ బెల్' క్యాసెట్ బయటికొచ్చి ఐదు నెలలైంది. అందులోవి మామూలు పాటలు కావు, ర్యాప్. తాళం ముందు ఉరుకుతుంటే మాటలు దాని వెంటపడతాయి. కమలాబాయి వాటికి ఉరుకుడు పాటలని పేరు పెట్టింది. బహదూర్‌పల్లిలో మైక్ సెట్ కిరాయికిచ్చే ఎల్లేష్ తాళం కట్టాడు, వినోద మాటలు రాసింది, ఇద్దరూ పాడారు. క్యాసెట్ పేరు మాత్రం నాయిన దగ్గర్నుంచి తీసుకున్నారు. గౌరయ్య ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్ చేసి రిటైరయ్యాడు. ఒక్క గంట కొడితే బస్సు ఆగుతుంది, రెండు కొడితే కదులుతుంది.

అట్ట మీద ఇంటి అడ్రసు అచ్చేసి, 'విన్నవాళ్లు ఎట్లున్నదో రాయండి' అని కింద ఒక మాట చేర్చారు. మొదటి నెల ఒక్కరూ రాయలేదు. ఆ తర్వాత మొదలైంది ఉత్తరాల వాన. షామీర్‌పేట, గజ్వేల్, సిద్దిపేట, కరీంనగర్. వినోద అన్నిటికీ జవాబులు రాసింది. పోస్ట్‌మ్యాన్ పర్వతాలు వీధి మలుపు తిరగకముందే గౌరయ్య ఎదురెళ్లి ఉత్తరాలు తెచ్చేవాడు. జవాబులు పోస్టు డబ్బాలో వేసే పని కూడా ఆయనే చూసుకునేవాడు.

ఆ ఉత్తరాల మీద నమ్మకంతోనే వినోద పెద్ద నిర్ణయం తీసుకుంది. బీఎస్సీ చదివిన ఆమెకు జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. కానీ క్యాసెట్ కంపెనీ యజమాని యజ్ఞనారాయణ రెండో క్యాసెట్ చేద్దామన్నాడు. ఆరు నెలలు వేరే పనేదీ పెట్టుకోవద్దన్నాడు. మంగళవారం సంతకాలు. ఉద్యోగానికి రాలేనని వినోద పది రోజుల కిందటే ఉత్తరం రాసి నాయిన చేతికిచ్చింది.

ఆ శనివారం పొద్దునే, నలభై ఒకటో ఉత్తరం వచ్చిన కాసేపటికి, యజ్ఞనారాయణ ఫోన్ చేశాడు.

"అమ్మా వినోదా, నాకో ఆలోచన వచ్చింది. షామీర్‌పేట నుంచి మనోరమ అని ఒకావిడ రాసిందన్నావే, నా బతుకు నీ పాటలో కనిపించిందని? రెండో క్యాసెట్ ఆవిడ చేత విడుదల చేయిద్దాం. ఓసారి వెళ్లి ఒప్పించమ్మా."

వినోదకు ఒళ్లంతా పులకరించింది. ఆ ఉత్తరం ఆమెకు కంఠస్థం. తలగడ కింద పెట్టుకుని పడుకున్న రోజులున్నాయి.

"నేను పోయొస్త తియ్ బిడ్డా," గౌరయ్య గబుక్కున లేచాడు. "నాకు పాసున్నది. ఎండల నువ్వెందుకు?"

"ఆమె నన్ను సూడాలె నాయినా, నిన్ను కాదు," నవ్వుతూ చెప్పులేసుకుంది వినోద.

గౌరయ్య నవ్వలేదు. అది ఆమె గమనించలేదు.

* * *

మేడ్చల్‌లో బస్సు మారి షామీర్‌పేటలో దిగేసరికి పదకొండు దాటింది. ఉత్తరంలో అడ్రసు ఒక్క ముక్కే ఉంది. బస్ స్టేజీ ఎదురుగా. ఎదురుగా ఉన్నది ఒక మిర్చి బండి. బాండీలో మిర్చీలు తిప్పుతున్న యాభై ఏళ్ల మనిషిని అడిగింది.

"మనోరమ గారి ఇల్లు ఎక్కడమ్మా?"

"ఇల్లు ఆలియాబాద్‌ల ఉన్నది గని, మనోరమను నేనే. ఏం గావాలె?"

వినోద ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "అమ్మా! నేను వినోదను! డబుల్ బెల్ వినోద! నా జవాబు అందిందా?"

"ఏం జవాబు? ఏం బెల్లు?" మనోరమ చేతులు విడిపించుకుంది. "జర జరుగు బిడ్డా, నూనె సిందుతది."

వినోద సంచిలోంచి ఉత్తరం తీసి చూపించింది. మనోరమ దాన్ని దూరంగా పట్టుకుని చూసి పకపకా నవ్వింది.

"నాకు సంతకమే రాదు, ఉత్తరం రాస్తనా? ఆఁ... యాదికొచ్చింది. మన గౌరయ్య పటేల్ వచ్చి గీడ బల్ల మీద కూసున్నడు. బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పొల్లను పిలిచి, తను చెప్పుకుంట రాపిచ్చిండు. నీ పేరు పెట్టుకుంట అక్కా అన్నడు. పెట్టుకో, పేరేగద, అన్న."

"ఏ గౌరయ్య?"

"సిద్దిపేట బస్సు కండక్టర్. గీ మడత సూస్తె తెలుస్తలేదా?" మనోరమ కాగితాన్ని మళ్లీ నిలువుగా మడిచి, తన రెండు వేళ్ల సందున ఇరికించి చూపించింది. "నోట్లు గిట్లనే పట్టుకుంటరుగద కండక్టర్లు. లోకమంత అడ్డం మడుస్తది, వాళ్లు నిలువు మడుస్తరు. ముప్పై ఏండ్ల అలవాటు పోతదా?"

వినోద ఆ కాగితం వెనక్కి తీసుకుంది. బల్ల మీద కూర్చుండిపోయింది.

"మీరు... నా పాట విన్నారా అమ్మా?"

"లేదు బిడ్డా. ఆయన టేపు తెచ్చిండు గని, అప్పుడే కరీంనగర్ బస్సొచ్చింది. గిరాకీల పడ్డ." వినోద ముఖం చూసి మనోరమ గొంతు తగ్గించింది. "నువ్వు ఆయన బిడ్డవా?"

వినోద తల ఊపి లేచి, వచ్చిన బస్సెక్కింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కో ఉత్తరం గుర్తు తెచ్చుకుంది. రాతలు వేరు. సిరాలు వేరు. ఊళ్లు వేరు. కానీ ప్రతి కాగితం పొడుగ్గా, సన్నగా, నిలువుగా మడిచే వచ్చింది. ఊళ్లన్నీ నాయిన తిరిగిన రూటే.

పింఛను పనుందని, యూనియన్ మీటింగని ఆయన వారానికి మూడుసార్లు పాసు జేబులో పెట్టుకుని వెళ్లేది ఇందుకన్నమాట.

* * *

ఇంటికొచ్చేసరికి గౌరయ్య అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

వినోద గోడకు గుచ్చిన కరెంటు బిల్లు తీసి ఆయన చేతికిచ్చింది. "పట్టు నాయినా."

అలవాటు చొప్పున ఆయన వేళ్లు కదిలాయి. బిల్లును నిలువునా మడిచి, ఉంగరపు వేలికీ మధ్య వేలికీ నడుమ పెట్టుకున్నాయి. ఆ తర్వాత ఆయన తన చేతిని తానే చూసుకున్నాడు.

"మనోరమక్కకు సంతకం రాదంట," అంది వినోద.

పేపరు నేల మీద పడింది. ఎల్లేష్ బయటికొచ్చాడు. కమలాబాయి పిండి చేతులతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎన్ని నాయినా? నలభై ఒకటిల నీయి ఎన్ని?"

"బిడ్డా, జర కూసో..."

"ఎన్ని?"

"అన్నీ," అన్నాడు గౌరయ్య నేల చూస్తూ.

"మల్లేష్ అని రాపిచ్చింది గూడ నువ్వేనా?" ఎల్లేష్ నోరు తెరిచాడు.

"రాసెటోడు తప్పు రాసిండురా. బస్సొస్తాందని దిద్దలే."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఇల్లు నవ్వేది. వినోద లోపలికి నడిచింది. మేకుకు వేలాడుతున్న పాత తోలు సంచిని దించింది. అది నాయిన డ్యూటీ సంచి. దాన్ని ఎవరూ ముట్టుకోరు. "అది వద్దు బిడ్డా!" అని గౌరయ్య లేచేలోపే సంచిని అరుగు మీద బోర్లించింది.

కట్టలుగా పడ్డాయి ఆమె రాసిన జవాబులు. నలభై. 'ప్రియమైన అక్కకు', 'గౌరవనీయులైన పెద్దలకు'. ఒక్కటీ డబ్బా ముఖం చూడలేదు. వాటి మీద మూడు చిరిగిన కవర్లు. అన్నిటికంటే అడుగున మందుల కంపెనీ అడ్రసుతో, ఇంకా అంటించి ఉన్న ఒక కవరు.

వినోద ఆ కవరు చేతిలోకి తీసుకుంది. ఉద్యోగానికి రాలేనని రాసిన ఉత్తరం అది.

"ఇది గూడ వెయ్యలేదా?"

"నౌకరీ పోతదని..."

"అంటే నువ్వు నమ్మలే." వినోద గొంతు మొదటిసారి పగిలింది. "నలభై ఒక్కమందితోని నన్ను మెచ్చుకునేటట్టు చేసినవ్. నువ్వొక్కడివి నన్ను నమ్మలేదు నాయినా. పాడలేవని నోటితోని అంటే ఒక దినం ఏడిసి ఊకుందును. గీ ఉత్తరాలు తలకింద పెట్టుకొని పన్నగద! ఊరోళ్లు మోసం చేస్తే నీకు చెప్పుకుందును. ఇగ నీ మీద ఎవరికి చెప్పుకోవాలె?"

గౌరయ్య అరుగు స్తంభాన్ని పట్టుకున్నాడు.

"మొదటి నెల ఒక్కటి రాలే బిడ్డా. దినాం గేటు కాడ నిలబడి పర్వతాలు సైకిల్ దిక్కు సూసేటిదానివి. తిండి మానేసినవ్. ఒక్కటే అనుకున్న. ఒక్కటి రాపిచ్చిన. ఆ దినం నువ్వు రెండు బుక్కలు ఎక్కువ తిన్నవ్. మల్లా వారం నీ మొఖం వాడింది. ఇంకోటి రాపిచ్చిన. బ్రేకు యాడ కొట్టాల్నో తెల్వలే. నౌకరీ వద్దని నువ్వు ఉత్తరమిచ్చిన దినం నాకు పానం పోయినట్టయింది."

"పాటలు ఎట్లున్నయో నీకు తెల్సా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "జల్దీ జల్దీ అంటరు. నాకు సమజ్ కాలే బిడ్డా. పూర్తిగ వినలే."

కమలాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లేష్ కిందపడ్డ మూడు చిరిగిన కవర్లు ఏరాడు. "ఇవేంది?"

"అవి నిజంగ వచ్చినయ్," అన్నాడు గౌరయ్య. "తిట్టిండ్రు. అందుకే దాసిన."

వినోద చేయి చాచింది. ఒకదాంట్లో, వేరే పనేం లేదా మీకు అని ఒక్క వాక్యం. రెండోదాంట్లో క్యాసెట్ డబ్బులు తిరిగివ్వమన్నారు. మూడోది గాజులరామారం నుంచి, లక్ష్మణ్ అనే లేత్ మిషను పనివాడిది. పైకి చదివింది.

"ఇద్దరూ టీవీల ఫారినోళ్లు అరిచినట్టు అరిచిండ్రు. మీది కాని గొంతు ఎందుకు తెచ్చుకున్నరు? మా షెడ్డుల సగంలనే బంద్ చేసినం."

"గదే," అన్నాడు గౌరయ్య. "గంతవరకు సదివి మడత పెట్టిన. ఇగ సదువకు బిడ్డా."

వినోద ఆగలేదు. కాగితం రెండో సగం విప్పింది.

"కానీ బి సైడు ఆఖరి పాట మాత్రం వేరు. చెల్లె బస్సు స్టేజీలు పిలుస్తది చూడు, అల్వాల్ అల్వాల్, తూంకుంట దిగాలె, షామీర్‌పేట ముందుకు రావాలె, అని. షెడ్డుల మిషన్లు ఆపి విన్నం. మా ఊరికి పోయే బస్సెక్కినట్టున్నది. ఇద్దరికి కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఆ గొంతు ఎక్కడిది చెల్లె? గట్లాంటివే చేయండి, నేనే రెండు కొంట."

ఆ గొంతు ఎక్కడిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు సెలవుల్లో నాయిన బస్సులో ముందు సీట్లో కూర్చుని, ఆయన పిలిచే ఊళ్లన్నీ ఆయన వెనకే పలికిన పిల్ల గొంతది.

"నలభై ఒకటి అబద్ధం రాపిచ్చినవ్," అంది వినోద చెంపలు తుడుచుకోకుండానే. "వచ్చిన ఒక్క నిజం సగంలనే మడత పెట్టినవ్."

గౌరయ్య రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. కూతురు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలని ఉన్నా వెళ్లలేదు.

సాయంత్రం ఆమే యజ్ఞనారాయణకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"అయితే మంగళవారం సంతకాలు లేవమ్మా," అన్నాడాయన. "ఆ ఆఖరి పాట లాంటివి ఎనిమిది రాసుకురా. అప్పుడు చూద్దాం."

ఫోన్ పెట్టేసి నాయిన వైపు చూడకుండా అంది. "సోమవారం నౌకరీల చేరుత. ఆదివారాలు అన్న, నేను కలిసి పాటలు రాసుకుంటం. ఇగ నుంచి నా ఉత్తరాలు నువ్వు తేవద్దు. పర్వతాలే ఇంటికి తెస్తడు."

"సరే బిడ్డా," అన్నాడు గౌరయ్య.

* * *

పది రోజులు ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య అన్నం, నీళ్లు అన్న మాటలే నడిచాయి. గౌరయ్య పాసు పట్టుకుని ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం పూట ఆయన, ఎల్లేష్ దగ్గరి టేప్ రికార్డర్‌ను గదిలోకి తీసుకుపోయి తలుపేసుకునేవాడు. ఆయన ఏం చేస్తున్నాడో కమలాబాయి అడగలేదు.

పదకొండో రోజు వినోద ల్యాబు నుంచి వచ్చేసరికి గడప మీద ఒక ఉత్తరం ఉంది. ముద్ర తమ ఊరు బహదూర్‌పల్లిదే. విప్పింది. నిలువు మడత.

ఆమె ముఖం ఎర్రబడింది. కానీ ఈసారి రాత ఎవరిదో కాదు. టికెట్ల వెనక అంకెలు రాసి రాసి వంకరపోయిన రాత.

'వినోదకు. ఆఖరి పాట పదిసార్లు విన్న. తుర్కపల్లి తర్వాత సీదా గౌరారం పోయినవ్. నడుమ ఒంటిమామిడి మర్చిపోయినవ్. ఒంటిమామిడి జనం ఏమనుకుంటరు? మిగిలిన పాటలు నాకు మంచిగనిపియ్యలే. ఇదొక్కటి మస్తున్నది. ఇట్లు, గౌరయ్య, రిటైర్డ్ కండక్టర్.'

చదువుతూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

అరుగు మీద గౌరయ్య అటు తిరిగి కూర్చుని, వీధిలో ఏదో చూస్తున్నట్టు నటిస్తున్నాడు. ఆయన వీపు రాయిలా బిగుసుకుని ఉంది. వినోద వెనక నుంచి వెళ్లి, కిటికీ ఇనుప చువ్వ మీద గాజుల చేత్తో కొట్టింది.

టంగ్. టంగ్.

గౌరయ్య భుజాలు వదులయ్యాయి. వెనక్కి తిరగకుండానే, తడిసిన గొంతుతో, ముప్పై ఏళ్లు పిలిచినట్టే పిలిచాడు.

"రైట్... పోనియ్!"