పాల్ దించిన చేతులు

ఆదివారం సాయంత్రమైతే లాలాగూడ బాక్సింగ్ షెడ్డుల మాకు ఒకటే పని. సచ్చినోళ్లను బతికున్నోళ్లతోని కొట్లాడిపిచ్చుడు. ఆ కాలం బాక్సర్ అలీని తెచ్చి ఈ కాలం పోరని ముంగట నిలబెడ్తం. ఎవరు గెలుస్తరని చాయ్ సల్లారేదాక లొల్లి.

ఈ లొల్లికి సుత కాయిదా ఉంది. రింగుల ఎదురెదురుంగ రెండు స్టూళ్లేస్తం. ఒక బాక్సర్ తరఫున ఒకలు, ఇంకో బాక్సర్ తరఫున ఇంకొకలు కూసుంటరు. దెబ్బలు నోటితోని చెప్పుడే. ఆ బాక్సర్ తన జిందగీల కొట్టని దెబ్బ ఇప్పుడు కొట్టొద్దు. మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. గెలుపెవరిదో ప్రెసిడెంటు చెప్తడు. గంట ఒక్కటే అసలుది. ఆ గంట నాది. నా పేరు అక్బర్. వర్క్‌షాప్ల ఫిట్టర్ పని జేసి రిటైరైన. నలభై ఏండ్లసంది ఈడ టైం కీపర్ని నేనే.

పోయిన ఆదివారం గ్లోరియా వచ్చింది. బయట దంచి కొడ్తున్నది వాన. చేతుల పాలిథిన్ కవర్ల చుట్టిన ఫోటో ఉంది. నేను గుర్తువట్టి తల దించుకున్న.

"మా నాయన ఫోటో గోడకు పెట్టుండ్రి," అన్నది.

ఆ గోడ మీద గెలిచినోళ్ల ఫోటోలే ఉంటయి. వాళ్ల నాయన పాల్ గెలువలే. 1989ల ఈ రింగులనే ఫైనల్ ఆడి, మూడో రౌండ్ల గంట కొట్టకముందే చేతులు దించి, గుద్దు తిని పడ్డడు. పదకొండో రోజు దవాఖానల పానం పోయింది. అప్పటికి గ్లోరియా ఇంకా కడుపులనే ఉండె. తల్లి రోసమ్మ మోండా మార్కెట్ల నిమ్మకాయలమ్మి పెంచింది. ఇప్పుడు ఆ గంప గ్లోరియా నెత్తిన ఉంది.

మా బస్తీల ఒక మాట వడ్డది. ఎవడన్న సోయి తప్పి గాఫిల్ ఉండి నష్టపోతె, "పాల్ లెక్క చేతులు దించకురా" అంటరు. పాల్ ఎవడో తెల్వని పోరగాండ్లు సుత అంటరు.

"నా బిడ్డను సుత బడిల అదే మాటన్నరు చాచా. మొన్నటిసంది బడికి పోతలేదు," అన్నది గ్లోరియా.

ప్రెసిడెంటు సత్యదేవ్ మంచోడు, కాయిదా మాత్రం తప్పడు. జెరసేపు గడ్డం గోక్కొని, "ఒక పని చేద్దం బిడ్డా. మీ నాయనను మన అస్లంతోని ఆడిపిద్దం. నాయన తరఫున నువ్వు మాట్లాడు, వాని తరఫున వాడే మాట్లాడ్తడు. గెలిస్తె ఫోటో పెడ్తం. ఇగ ఆ మాట ఎవ్వడన్నా నేనే చెంప పగులగొడ్త," అన్నడు.

అస్లం మా అక్క హనీఫా మనుమడు. ఇరవై నాలుగేండ్లు, ఇప్పుడు మా షెడ్డుల వాన్ని మించినోడు లేడు. వాడు నా చెవుల మెల్లగ, "పరేషాన్ గాకు తాతా. కావాలని ఓడిపోత," అన్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. వాళ్లకు తెల్వని సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు చెప్తున్న, వినుండ్రి. పాల్ టైం కాకముందు చేతులు దించలే. ఆ రోజు మూడు నిమిషాలు నిండినయి. నేనే గంట కొట్టలే. ఆ పక్క ఆడేటోడు నాసర్, మా బావ, అంటె అస్లం తాత. ఓడిపోతున్నడు. గెలిచినోనికి నౌకరి ఖాయమని మాట. ఇంట్ల ఇద్దరు పిల్లలు, అక్క మళ్ల కడుపుతోని ఉండె. బావది ఒక్క గుద్దు పడనియ్యి, అప్పుడు గంట కొడ్త అనుకున్న. పాల్ టైం మనసుల లెక్కవెట్టుకునేటోడు. అయిపోయిందని చేతులు దించి నా దిక్కు తిరిగిండు. నా దిక్కు చూస్తుండంగనే బావ గుద్దిండు.

ముప్పై ఐదేండ్లసంది ఆ మాట విన్నప్పుడల్లా అందరితోని నేను సుత నవ్విన. థూ, ఏం బతుకు నాది.

మొదటి రౌండు సాఫీగ నడిచింది. గ్లోరియా తడబడుకుంట, నాయన ఇంట్ల చెప్తె అమ్మ యాది పెట్టుకున్న దెబ్బలు చెప్పింది. అస్లం నవ్వుకుంట తిన్నడు. గంట కొట్టిన. అందరు చాయ్ తాగిండ్రు.

రెండో రౌండ్ల కరెంటు సన్నగైంది. రేకుల మీద వాన మోత ఒక్కసారిగ ఆగింది. కిటికీల చూస్తె వాన పడుతనే ఉంది... మోత మాత్రం లేదు.

నీలగిరి తైలం వాసన వచ్చింది. షెడ్డుల ఇప్పుడు ఎవ్వలు వాడరు. పాల్ మ్యాచ్ ముంగట ఛాతికి రాసుకునేటోడు.

గ్లోరియా కండ్లు మూసుకున్నది. కుడికాలి బొటనవేలు నేలకు తాకిచ్చింది, రెండుసార్లు. తట్... తట్. తర్వాత ముక్కుల నుంచి ఊపిరి ఇడిసింది. "ఎడమ. మళ్ల ఎడమ. కింద పక్కబొక్కల."

ఎడమ చెయ్యి ఇసిరే ముంగట పాల్ గట్లనే వేలు తాకిచ్చేటోడు. రోసమ్మ ఎన్నడు రింగు కాడికి రాలే. ఈ బిడ్డకు ఎట్ల తెలిసింది?

"నిజమేనా అక్బర్ భాయ్? పాల్ గిట్లనే ఆడేటోడా?" సత్యదేవ్ అడిగిండు.

"గిట్లనే," అన్న.

అస్లం పక్కటెముకలు పట్టుకొని వంగిండు. నవ్వు పోయింది. రెండు స్టూళ్ల నడుమ రింగు గుడ్డ లోపలికి కుంగింది. బరువైన మనిషి నిలవడ్డట్టు. తర్వాత ఇంకో జాగల కుంగింది.

"ఆపుదం," అన్న. నా మాట ఎవ్వలు వినలే.

మూడో రౌండు.

గ్లోరియా ఆగకుంట చెప్తున్నది. తట్... తట్. అస్లం ముక్కుల నుంచి సన్నగ నెత్తురు కారింది. తుడుసుకోలే. వాని కండ్లు ఎవరినో వెంబడిస్తున్నయి. ఎడమకు... కుడికి... మళ్ల ఎడమకు.

గడియారం చూసిన. రెండు నిమిషాల యాభై.

"మా నాయన గెలుస్తున్నడు," గుసగుసగ అన్నది గ్లోరియా.

అల్లా, ఈసారన్న... ఈసారన్న నా చెయ్యి ఆగొద్దు.

మూడు నిమిషాలు.

కొట్టిన. నా చెవులు గుయ్యిమన్నయి. ఎవ్వలు తల తిప్పలే.

మళ్ల కొట్టిన.

మళ్ల కొట్టిన. గంట ఊగుతున్నది, నా చెయ్యి జుమ్మంటున్నది. సత్యదేవ్ నిమ్మళంగ చూస్తనే ఉన్నడు.

గ్లోరియా చేతులు ఒళ్లె పడ్డయి. మొఖం నా దిక్కు తిరిగింది. కండ్లు మూసే ఉన్నయి.

అస్లం పెదవులు కదిలినయి. "కుడి... పైనుంచి."

అస్లం ఎన్నడు కొట్టని దెబ్బ అది. మా బావ దెబ్బ.

ధబ్బుమన్నది. గ్లోరియా స్టూలు మీదికెల్లి పక్కకు ఒరిగి పడ్డది.

"టైం అయిపోయింది! అప్పుడు సుత అయిపోయింది! నేనే కొట్టలే!" అని అరిసిన.

ఇది మాత్రం అందరికి వినవడ్డది. వాన మోత మళ్ల షురూ అయింది.

గ్లోరియా చెయ్యి ఆనిచ్చుకొని లేసింది. దవడ మీద ఎర్రగ కమిలింది. నా కాడికొచ్చి నిలవడ్డది.

"అప్పుడు అంటె ఎప్పుడు చాచా?"

ఒక్క మాట చాలు. ఆ ఫోటో గోడ మీదికి పోతది, ఆ పిల్ల బడికి పోతది. సత్యదేవ్ చూస్తున్నడు. అస్లం చూస్తున్నడు.

"ఏం లేదు బిడ్డా," అన్న. "టైం అయిందన్న. గంతే."

గంటకు ముందే పడ్డదని సత్యదేవ్ పాల్ మళ్ల ఓడిండన్నడు. గ్లోరియా కొంగుతోని ఫోటో తుడిసి, పాలిథిన్ కవర్ల మలిసి పెట్టుకొని వానలనే పోయింది. నేను ఆపలే.

అస్లం రింగులనే కూసొని ఏడ్చిండు. "ఓడిపోవాలనే అనుకున్న తాతా. ఆ మాట నాది కాదు. నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో తెల్వదు."

సోమవారం ప్రాక్టీసుల, రౌండు నడుమ, అస్లం ఉన్నట్టుండి రెండు చేతులు కిందికేసి నా దిక్కు తిరిగిండు. అవతలోడు చెయ్యి ఆపుకున్నడు కాబట్టి సరిపోయింది.

"ఏందిరా?" అన్న.

"గంట కొట్టినవ్ గద తాతా. మూడుసార్లు."

నేను గంట ముట్టనే లేదు.

మంగళవారం గట్లనే. నిన్న సుత గట్లనే, ఇంకింత ముందుగాల. శుక్రవారం వానికి పెద్ద ఫైనల్ ఉంది. పోవద్దురా అంటె, ఎందుకంటడు. అది చెప్పాలంటె మొత్తం చెప్పాలె. ముందుగాల గ్లోరియాకు చెప్పాలె.

పొద్దటిసంది ఫోన్ చేతులనే ఉంది. ఆమె నంబర్ తీస్తున్న, మళ్ల పక్కకు పెడ్తున్న.

ఇయ్యాల గురువారం.