నాలుగింటి గాలి

విండ్ టన్నెల్ ఫ్యాన్ పాడైందని రూబీ కాగితం మీద రాసి సంతకం పెట్టిన రోజునే, ఉపేంద్ర ఆమెతో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

"నా ఫ్యాన్‌కి ఏటీ అవనేదు మేడమ్. రాసేముందు నన్నో మాట అడగాల కదా."

"నీ ఫ్యానేమిటి, కాలేజీది" అంది రూబీ, తలెత్తకుండా.

అనకూడని మాట అన్నానని, నోరు దాటాక గాని తెలియలేదు.

విజయనగరంలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో రూబీ రీసెర్చ్ స్కాలర్. విమానం చుట్టూ సుడి తిరిగే గాలి, అందులోంచి వెళ్లే లేజర్ కిరణాన్ని ఎంత చెదరగొడుతుందో కొలవడం ఆమె పని. టన్నెల్లో చిన్న విమానం బొమ్మ పెట్టి, గాలి వదిలి, దాని మీదుగా కిరణం పంపుతుంది. కిరణం బయటికొచ్చి, బల్ల మీదుగా వెళ్లి, కెమెరాలో ఎర్రచుక్కగా పడుతుంది. చుక్క ఎంత వణికితే గాలి దాన్ని అంత పాడుచేసినట్టు. ఉపేంద్ర ఆ టన్నెల్ టెక్నీషియన్. పొందూరు నేతగాళ్ల అబ్బాయి, కాంట్రాక్టు ఉద్యోగి.

పది రోజులుగా సాయంత్రం నాలుగు దాటితే చాలు, చుక్క లెక్కకు మించి వణుకుతోంది. ఫ్యాన్ కాక ఇంకేముంటుంది అనుకుంది రూబీ. చదువుకున్నవాళ్ల తొందర అలాగే ఉంటుంది మరి. కాగితం చూసిన హెడ్ జగన్నాధం గారు, సోమవారానికి ఇది తేలకపోతే ఉపేంద్ర కాంట్రాక్టు పొడిగించనన్నారు. అంతదాకా వస్తుందని రూబీ అనుకోలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

శనివారం ఉపేంద్ర ఫ్యాన్ విప్పి బేరింగులు చూస్తున్నాడు. రూబీ కెమెరా ముందు కూర్చుంది. గాలి లేదు, చుక్క కదలడం లేదు.

నాలుగైంది. ఉపేంద్ర చేతులు కడుక్కుని బయటికెళ్లి వచ్చాడు. ఎప్పటిలాగే రూబీ కోసం స్టీలు గ్లాసులో తెచ్చిన టీని బల్ల చివర, కిరణం కింద పెట్టాడు.

చుక్క వణికింది.

రూబీ గ్లాసు తీసింది. చుక్క నిలిచింది. మళ్లీ పెట్టింది. వణికింది. టీ మీంచి లేచే వేడిగాలి.

"రోజూ నాలుగింటికే ఎందుకు తెస్తున్నావు?" అంది రూబీ.

ఉపేంద్ర తల దించుకున్నాడు. "ఈ రీడింగులు మొదలెట్టిన కాడ్నుంచి మజ్జాన్నం తినడం మానేసినారు. నాలుగయ్యేసరికి కణతలు నొక్కుకుంటారు. సూస్తన్నాను కదా."

రూబీ కళ్లు నిండాయి. కాగితం ముందుకు లాక్కుని రాసింది: ఫ్యాన్‌లో దోషం లేదు. కిరణం కింద వేడి టీ గ్లాసు ఉంది. పొరపాటు నాది.

"టీ తెచ్చింది నేను. నా పేరు రాయండి" అన్నాడు ఉపేంద్ర.

"తాగింది నేను."

"సోమవారం నుంచి తేన్లెండి మరి."

నవ్వుతారన్న భయంతో హాస్టల్ రోజుల నుంచీ దాచుకున్న సొంతూరు నరసన్నపేట మాట, రూబీ నోట అప్పుడొచ్చింది.

"ఏటి తేవు? రెండు గ్లాసులు తే. ఇక్కడ కాదు, బయట మెట్ల కాడ కూకుని తాగుదాం."

ఉపేంద్ర తెల్లబోయి చూశాడు. "మీది మన వేపేనా మేడమ్?"

"మేడమ్ కాదు, రూబీ" అంది, చల్లారిన టీ చేతిలోకి తీసుకుంటూ.