ఐదో కిటికీ

చర్చి బాగోగులు చూసే వార్డెన్ వాల్టర్ థర్టిల్ మాయమయ్యాడు.

జనవరి పదిహేడు. ఉదయం 11:05. ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్ పొలాల మధ్య హార్న్‌గ్రీవ్ చర్చి. చుట్టూ మైలు దూరంలో ఇల్లన్నది లేదు. ఇంత ఒంటరి చోటు పగవాడికి కూడా వద్దు.

పోలీసు సార్జెంట్ మోరీన్ క్యాచ్‌పోల్ గుమ్మం దగ్గర అడుగుజాడలు చూసింది. మంచు కురవడం ఏడింటికి ఆగింది. ముసలాయన బూట్లు లోపలికి వెళ్లాయి. బయటికి రాలేదు. చర్చికి ఉన్నది ఒక్కటే తలుపు.

"చివరిసారి ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు," అంది పాస్టరమ్మ ఫిలిపా గెజ్. "నేను పదింటికి వచ్చాను. తలుపు తీసే ఉంది. ఆయన కోటు బెంచీ మీద ఉంది. గుండె మాత్రలు అందులోనే ఉన్నాయి. భయమేసి మీకు ఫోన్ చేశాను."

"ఇంట్లోవాళ్లు?"

"భార్య ఎనిడ్ పోయి మూడేళ్లు. ఇంకెవరూ లేరు. నేను నెలకోసారి వస్తే వినడానికి నలుగురు. అందుకే ఈరోజుతో చర్చి మూసేస్తున్నారు."

చర్చి కట్టడాల సర్వేయర్ జూలియన్ ఆర్మ్‌రాడ్ వాచీ చూసుకున్నాడు. "పన్నెండింటికి తలుపుకు ఇనప రేకు బిగించాలి మేడం. టవర్ వెతికాం. బెంచీల కింద కూడా చూశాం. ఎటో వెళ్లిపోయుంటాడు."

"ఎగిరి వెళ్లాడా?"



రేకు బిగించడానికొచ్చిన పనివాళ్లు మళ్లీ పిలిచారు. "వాల్టర్ గారూ... వాల్టర్..." రాతి గోడలు ఆ పేరునే తిప్పి పంపాయి. క్యాచ్‌పోల్ ఒక్కతే బయటికెళ్లి చర్చి చుట్టూ తిరిగి వచ్చింది.

11:38కి అందర్నీ ప్రసంగ వేదిక పల్పిట్ దగ్గరికి పిలిచింది.

"ఇంత చలిలో మనిషి కోటెందుకు విప్పుతాడు? కోటుతో పట్టని చోటికి వెళ్లాలంటే విప్పుతాడు. ఆర్మ్‌రాడ్ గారూ, దక్షిణపు గోడకు కిటికీలెన్ని?"

"నాలుగు."

"లోపల నాలుగు. బయట ఐదు. ఐదోది అరచేయంత ఉంటుంది."

"అది గుడ్లగూబల కన్నం మేడం."

"గుడ్లగూబలకు అద్దమెందుకండీ? ఆ వెలుగు లోపలికి రావడం లేదు. మరెక్కడికి పోతోంది?"

ఆమె బలిపీఠం వైపు చెయ్యి చూపించింది.

"పూర్వం బలిపీఠం ముందు చెక్క అటక ఉండేది. పాటగాళ్లు గోడలోపలి మెట్ల మీదుగా దానిమీదికి ఎక్కేవాళ్లు. రాజుగారి ఆజ్ఞతో అటకలు పడగొట్టారు. మెట్లు పీకితే గోడే కూలుతుంది. అందుకని వాటిని మూసి ఊరుకున్నారు. ఐదో కిటికీ వెలుగు ఆ మెట్లకే."

"ఈ చర్చికి అటకే లేదని నా రిపోర్టులో ఉంది."

చదువు ఎక్కువైనవాడితో ఇదే తంటా. రిపోర్టులో లేనిది లోకంలోనే లేదంటాడు.

క్యాచ్‌పోల్ పల్పిట్ పక్కనున్న చెక్క పలకల్ని ఒక్కొక్కటిగా నెట్టింది. మూడోది తెరుచుకుంది.

మూరెడు వెడల్పు మెట్లు. పదో మెట్టు మీద వాల్టర్ థర్టిల్ కూర్చుని ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ప్రాణం ఉంది.

పాస్టరమ్మ ఆయన నోట్లో మాత్ర వేసింది.

"ఎనిడూ నేనూ కనిపెట్టాం దీన్ని," అన్నాడు కాసేపటికి. "నలభై ఏళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. ఓసారి కూర్చుని పోదామని వచ్చాను."

"గంటన్నర నుంచి పిలుస్తున్నాం. వినపడలేదా?"

"వినపడింది."

క్యాచ్‌పోల్‌కు ఒళ్లు మండింది. "మరి పలకరేం? ఇంకో ఇరవై నిమిషాలైతే రేకు బిగించేసేవాళ్లు. ఇక్కడే చచ్చిపోయేవారు."

"తెలుసమ్మాయ్." ముసలాయన చూపు దించుకున్నాడు. "అందరికీ నేను వార్డెన్‌నే. ఎనిడ్ పోయాక నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. పలికితే మీరు పిలవడం ఆపేస్తారు కదా."