ఒక్క గడ్డిపోచ

సాయంత్రం సఫారీకి బండి సిద్ధం చేయడమంటే చిన్న పనేమీ కాదు. ముందు అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టాలి, లేకపోతే ఫొటోల్లో మెరుపులొస్తున్నాయని అతిథులు గొడవ. కెమెరాలు కదలకుండా ఆనించుకోడానికి గింజలు నింపిన సంచులు సర్దాలి. టీ ఫ్లాస్కు, దుప్పట్లు, దోమల మందు పెట్టాలి. డ్రైవర్ ఇవన్నీ ఒంటిచేత్తో చేసుకొస్తాడు గానీ, బానెట్ ఎడమ మూలకి బిగించిన చిన్న ఇనప కుర్చీని మాత్రం ముట్టుకోడు. అది ట్రాకర్ కుర్చీ. అడుగుజాడలు చూసి జంతువు ఎటు పోయిందో చెప్పే మనిషి అందులో కూర్చుంటాడు. ఏడాదిగా ఈ బండికి ట్రాకర్ లేడు. ఉన్నవాడు డ్రైవర్‌కి స్వయానా అక్క మొగుడు.

బావ చిరుత నోట పడి పోయాడు. పోవడం ఒక బాధ, పోయాక పడ్డ నింద ఇంకో బాధ. "స్వయంగా బండి దిగాడు" అని ఈ సఫారీలు నడిపే లాడ్జి వాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ రోజు బండి నడిపిందీ, పక్కనున్నదీ లెన్సు మాస్టారొక్కడే కాబట్టి ఆయన చెప్పిందే వేదం అయిపోయింది. బండి దిగకూడదన్నది ఈ పనిలో మొట్టమొదటి పాఠం. కదలకుండా కూర్చున్నంతసేపూ చిరుత కంటికి బండీ, అందులోని మనుషులూ కలిపి ఒకే పెద్ద జంతువు. ఒకడు నేల మీద కాలు పెట్టాడా, ఆ ఒక్కడూ విడిగా, మాంసంగా కనపడిపోతాడు. లాడ్జిలో అందరికీ ఆ పాఠం చెప్పిన మనిషే దాన్ని మర్చిపోయాడంటే ఎవరైనా నమ్ముతారా? శుభ్రంగా నమ్మారు. అక్క తప్ప.

లెన్సు మాస్టారంటే, ఫొటోలు తీయడం నేర్పిస్తానని జనాన్ని వెంటేసుకుని అడవికొచ్చే పెద్దమనిషి. మనిషి మంచివాడే అని ఆయనే చెబుతుంటాడు. బావ పోయిన రోజు తీసిన ఫొటోకే ఆయనకి పెద్ద బహుమతి వచ్చింది. గడ్డిలోంచి సూటిగా చూస్తున్న ఆడ చిరుత. ఆ చూపు చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. లాడ్జి వాళ్ళు దాన్ని పెద్దది చేయించి భోజనాల హాల్లో గోడకి తగిలించారు. ఆ హాల్లో వడ్డించేది అక్కే. రోజూ ఆ అద్దం తుడిచేదీ అక్కే.

"గాలికైతే పోచలన్నీ వంగాలి కదరా," అంది ఒకరోజు తమ్ముడితో, ఫొటో కింది అంచున వంగి ఉన్న ఒక గడ్డిపోచని గుడ్డతో చూపిస్తూ. "ఇదొక్కటే ఎందుకు వంగింది? చూడు, వంగిన చోట సరిగ్గా ఫొటో కోసేశారు. అక్కడ మీ బావ చెయ్యి ఉందిరా. రాగి కడియంతో సహా ఉంది."

"అక్కా, నువ్వు దాని వంక చూడటం మానెయ్యి."

"మానను. ఆయన దిగలేదు. దింపారు. అది వాడి నోటితో నేను వినాలి."

ఏడాది తర్వాత ఈ మధ్యాహ్నమే మాస్టారు మళ్ళీ దిగాడు. వెంట ఒక్కరే శిష్యురాలు, పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ కెమెరా ఎంత పెద్దదంటే దాన్ని మోయడానికే ఇంకో డాక్టరు కావాలి. అక్క ఆయన కంచంలో వడ్డిస్తూ నెమ్మదిగా అడిగేసింది. "సార్, ఈ ఫొటో కింద కొంచెం కోసేసినట్టున్నారు. మొత్తం ఫొటో మీ దగ్గరుందా?"

మాస్టారి చెంచా ఒక్క క్షణం ఆగింది. "ఫొటోగ్రఫీ నీకర్థం కాదులేమ్మా," అని నవ్వాడు.

"సరే సార్," అంది అక్క. "పోనీండి. చూపించేవాళ్ళే చూపిస్తారు."

బండి గేటు దాటేసరికి ఎండ పలచబడింది. గడ్డి మనిషెత్తు పెరిగి దారికి రెండు వైపులా గోడల్లా ఉంది. మట్టి వాసన, ఎండిన ఆకుల వాసన. డాక్టరమ్మ జింక కనపడితే పళ్ళు చూసింది, కోతి కనపడితే పళ్ళు చూసింది. "చిరుత ఒక్కసారి ఆవలిస్తే చాలు బాబూ, నా జన్మ ధన్యం," అంది డ్రైవర్‌తో.

"ఆవలింతలు కాదు, చూపు కావాలి," అన్నాడు మాస్టారు. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని బానెట్ మీద కెమెరా సర్దుకుంటున్నాడు. ఆ బహుమతి తర్వాత ఆయన తీసినవేవీ మళ్ళీ పైకి రాలేదు. గుడ్డి అదృష్టమని తోటివాళ్ళు వెనక నవ్వుతున్నారట. "పుట్ట దగ్గరికి పోనీ."

ఆ పుట్ట దగ్గరే బావ పోయాడు. ఈ ఏడాదిలో డ్రైవర్ ఎన్ని దార్లు తిరిగినా ఆ దారి తిరగలేదు. "అటు ఈ మధ్య ఏమీ కనపడటం లేదు సార్."

"నువ్వు చెప్పొద్దు. పోనీ."

పుట్ట మలుపు తిరుగుతూనే డ్రైవర్ ఇంజను ఆపేశాడు. చిరుత అక్కడే ఉంది. తమ కోసమే ఎదురుచూస్తున్నట్టు పుట్ట మొదట్లో పడుకుని ఉంది. అదే ఆడ చిరుత. చెవికి ఫొటోలో ఉన్న అదే చీలిక.

డాక్టరమ్మ చూపు దాని నోటి మీదే ఉంది. పక్షులన్నీ ఎప్పుడు నోరు మూసుకున్నాయో తెలియదు. ఇంజను చల్లారుతూ టిక్... టిక్... అంటోంది. వెలుతురు మెల్లగా తగ్గిపోతోంది.

అప్పుడు వచ్చింది వాసన. లవంగం.

డ్రైవర్‌కి ఆ వాసన ఎవరిదో తెలుసు. అడవిలో బీడీ కాల్చకూడదని బావ ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. గాలి లేదు. వాసన ముందు నుంచి వస్తోంది. ఖాళీ కుర్చీ వైపు నుంచి.

"ఛ," అని గొణిగాడు మాస్టారు కెమెరాలోంచి చూస్తూ. "ఒక్క పోచ. సరిగ్గా దాని కంటి మీద అడ్డం."

బండి ముందు, కుర్చీకి కాస్త అవతల, ఒక్క గడ్డిపోచ నిటారుగా నిలబడి ఉంది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే జానెడు దూరంలో ఆగిపోతుంది.

"తియ్యమంటారా సార్?" అని ఎవరో మర్యాదగా అడిగారు.

మాస్టారు కెమెరా మీంచి కన్ను తీయలేదు. "తియ్యి. అందకపోతే దిగి తియ్యి. ఏం కాదు, నేను చూస్తున్నాగా."

అలవాటు మీద, నోటికొచ్చిన పాటలా అనేశాడు. అన్నాక కెమెరా మీంచి కన్ను తీశాడు. నెమ్మదిగా డ్రైవర్ వైపు తిరిగాడు.

"నువ్వే... కదా అడిగింది?"

"నేనేం అడగలేదు సార్."

"నేనూ అడగలేదు," అంది వెనక నుంచి డాక్టరమ్మ, గుసగుసగా. "ముందు నుంచి వినపడింది."

డ్రైవర్ ఆ మాటే లోపల మళ్ళీ అనుకున్నాడు. దిగి తియ్యి. ఏం కాదు, నేను చూస్తున్నాగా. ఇన్నాళ్ళూ అక్క ఈ మాట కోసమే అద్దం తుడుస్తూ కూర్చుంది. చూస్తున్నాడట! చూస్తూనే ఉన్నాడు, ఫొటో తీస్తూ. ఆ ఫొటోలో చిరుత చూసింది కెమెరాని కాదు. దాని ముందు నేల మీద నిలబడ్డ మనిషిని. మాస్టారి మెడ పట్టుకుని అడగాలనిపించింది డ్రైవర్‌కి.

ఈలోగా పోచ వంగింది.

గాలి లేదు. చుట్టూ ఏ పోచా కదల్లేదు. అదొక్కటే, వేళ్ళతో పట్టుకుని పక్కకి లాగినట్టు, వంగి అలాగే ఆగింది. చిరుత రెండు కళ్ళూ కనపడ్డాయి. పచ్చగా, సూటిగా.

మాస్టారు భయపడాలి. మామూలు మనిషైతే పోనివ్వవయ్యా అని కేక పెట్టేవాడు. కానీ ఆ కళ్ళు చూశాక ఆయనకి ఇంకేమీ కనపడలేదు. వేలు మీట మీదికి వెళ్ళింది.

పోచ టక్కున వెనక్కొచ్చింది. కంటి మీదికి.

వేలు తీశాడు. పోచ మళ్ళీ వంగింది. వేలు పెట్టాడు. మళ్ళీ అడ్డం వచ్చింది. ఎవరో ఆడిస్తున్నారు. పసిపిల్లాడికి బొమ్మ చూపించి దాచినట్టు...

"వెళ్ళిపోదాం," అంది డాక్టరమ్మ. ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. "బాబూ, నీకు పుణ్యం ఉంటుంది, పోనివ్వు."

"ఆగండి!" అన్నాడు మాస్టారు. కెమెరాని సంచి మీద అలాగే వదిలి, దూరం నుంచి ఫొటో తీసే రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. బానెట్ మీదుగా పాకి ట్రాకర్ కుర్చీలోకి జారాడు. ఏడాదిగా ఎవరూ కూర్చోని కుర్చీ. చెయ్యి చాపాడు. జానెడు దూరం తక్కువైంది.

"మీరే తియ్యండి సార్," అంది ఆ గొంతు, ఆయన చెవి పక్కనే. "ఏం కాదు. నేను చూస్తున్నాగా."

మాస్టారి కాలు నేల మీద పడింది.

చిరుత తల ఎత్తింది. అప్పటిదాకా బండిని చూసిన కళ్ళు, మెల్లగా... కిందికి దిగాయి. ఒక్క మనిషి మీద ఆగాయి.

కోపం ఎంతున్నా డ్రైవర్ మనిషి. చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. ఇంజను మోగితే చిరుత బెదురుతుంది. ఒక్క తిప్పు చాలు.

చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా, బరువుగా. డ్రైవింగ్ నేర్పిన రోజుల్లో గేరు మీద తన చేతిని ఇలాగే పట్టుకునేవాడు బావ. అరుపూ కాదు, కసురూ కాదు, ఇదే ఒడుపు. మణికట్టుకి లోహం ఆనింది.

"ఆగు బామ్మర్దీ. తొందరపడకు."

తాళం తిరగలేదు. ముందు నుంచి మాస్టారి గొంతు వినపడింది. "వదులు... చెయ్యి వదులు..." చిరుత గురించి కాదు ఆ మాట. ఆ తర్వాత కెమెరా మోగింది, టకటకటకమని ఆగకుండా. గడ్డి ఒక్కసారి తెరుచుకుంది. మూసుకుంది.

అంతా అయ్యాక తాళం దానంతటదే తిరిగింది.

లాడ్జి మేనేజరు మర్నాడు పైవాళ్ళకి ఫోన్‌లో ఏం చెప్పాడో భోజనాల హాలంతా వింది. "స్వయంగా బండి దిగాడండీ." డాక్టరమ్మ సాక్ష్యం చెప్పింది. నిజమే, ఆయనే దిగాడు. ఆయన నోట జారిన 'దిగి తియ్యి' మాట కూడా చెప్పింది. ఏడాది కింద బావని ఏమని దింపాడో దాంతో అందరికీ తెలిసింది. తాళం సంగతి డ్రైవర్ అక్కకి మాత్రమే చెప్పాడు.

వెళ్ళేముందు డాక్టరమ్మ మాస్టారి కెమెరాలోని ఫొటో అక్కకి చూపించింది. చిరుత రెండు కళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. కింద అంచున పోచని వంచి పట్టుకున్న చెయ్యి, దానికి మాస్టారి గడియారం. ఆ మణికట్టుని బిగించి పట్టుకున్న ఇంకో చెయ్యి, దానికి రాగి కడియం.

అక్క చాలాసేపు చూసింది. ఏడవలేదు. "కింద ఏమీ కోయకుండా ఒకటి పంపండమ్మా," అంది. తమ్ముడితో మాత్రం, "నా కడుపు మంట చల్లారిందిరా," అంది.

డ్రైవర్ కూడా అంతటితో అయిపోయిందనే అనుకున్నాడు. వానలు వెళ్ళి మళ్ళీ అతిథులొచ్చారు. కొత్తగా పెళ్ళైన జంట, ఎవరికీ ఏ అన్యాయమూ చేయనివాళ్ళు. చిరుత ఇంకో చోట, వాగు పక్కన కనపడింది. పెళ్ళికొడుకు కెమెరా ఎత్తి, "అయ్యో, ఒక్క పోచ అడ్డం వస్తోందే," అన్నాడు.

లవంగం వాసన గుప్పుమంది. డ్రైవర్ తాళం అందుకునేలోగానే అతని చేతి మీద అదే చల్లటి చెయ్యి పడింది.

ముందు ఖాళీ కుర్చీలోంచి, "తియ్యమంటారా సార్?" అని ఎవరో మర్యాదగా అడిగారు.

అది బావ గొంతు కాదు. లెన్సు మాస్టారిది.